ఆముదం తాగిన చెక్కకు అతుకు

కంట్రోల్ లైన్ మోడల్ విమానం కూలిందంటే ముందు అనుమానించాల్సింది తీగల బిగువును. ఇందులో రేడియో ఉండదు. నడిపేవాడు మధ్యలో హ్యాండిల్ పట్టుకుని నిలబడతాడు. రెండు సన్నని ఉక్కు తీగలు ఎడమ రెక్కలోంచి లోపలికి వెళ్ళి బెల్‌క్రాంక్ అనే మీటను తిప్పుతాయి. ఆ మీట తోక మీది ఎలివేటర్‌ను కదుపుతుంది. 1940 ప్రాంతంలో ఈ పద్ధతిని అమెరికాలో జనంలోకి తెచ్చినవాడు జిమ్ వాకర్. మన ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ క్యాడెట్లకు వాయు సైనిక్ క్యాంపులో ఇదొక పోటీ.

1.2 కిలోల మోడల్ 18 మీటర్ల తీగల మీద సెకనుకు 25 మీటర్ల వేగంతో తిరిగితే చేతిని లాగే బలం నాలుగు కిలోలకు పైనే. మోడల్ నడినెత్తికి చేరినప్పుడు దాని బరువు ఈ బిగువును తగ్గిస్తుంది. పైకెక్కడంలో వేగం పడిపోయినా, గాలి లోపలికి నెట్టినా తీగలు వదులవుతాయి. అప్పుడు హ్యాండిల్ ఎంత తిప్పినా ఎలివేటర్‌కు కబురు అందదు.

పెనుబల్లి లాంటి ఊళ్ళో ఎగరేయడానికి కోత అయిన పొలం బాగా పనికొస్తుంది. కానీ బోరు మోటార్లకు కరెంటు తీగలు వెళ్ళే చోట హ్యాండిల్ పట్టుకోనే కూడదు. ఉక్కు తీగ వాటిని తాకితే ప్రాణమే పోతుంది.

పాత మోడల్ విరిగితే అసలు చిక్కు ఆముదంతో వస్తుంది. ఈ మోడళ్ళను నడిపే గ్లో ఇంజన్ ఇంధనంలో మిథనాల్‌తో ఆముదం కలుపుతారు. వేరుశనగ నూనె మిథనాల్‌లో కలవదు. ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలియిక్ ఆమ్లం. దాని హైడ్రాక్సిల్ గుంపు ఆల్కహాల్‌తో పొత్తు కలుపుతుంది. ఏళ్ళ తరబడి ఎగిరిన విమానం ముక్కు ఆ నూనెను పీల్చుకుని ఉంటుంది, అక్కడ ఏ జిగురూ పట్టదు. కలిపిన గుణమే విడదీయడానికీ అక్కరకొస్తుంది: ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మొక్కజొన్న పిండి చల్లి, అది పీల్చుకున్నాక దులపాలి. మంట దగ్గర ఈ పని చేయకూడదు. ఆముదం గట్టిపడి వార్నిష్‌లా మారిన చోట చెక్కను కోసి తీసేయడమే మేలు.

పొలంలో చెదిరిన ముక్కలన్నీ ఏరుకోండి. విరిగిన అంచులను రుద్దకండి, అవి ఒకదానిలో ఒకటి కూర్చున్నంత చక్కగా కొత్త ముక్క కూర్చోదు. కొత్త ముక్క తప్పదనుకుంటే ఏటవాలుగా, మందానికి ఎనిమిది నుంచి పన్నెండింతల పొడవున కోసి అతకాలి. చెక్క పోగు కొసల మీద జిగురు నిలవదు, పోగు పొడవునా నిలుస్తుంది. ఈ సంగతి మన వడ్రంగులకు బాగా తెలుసు. మోడల్ చేసిన తేలికైన బాల్సా చెక్క పక్కన మరీ గట్టి చెక్క పెడితే మళ్ళీ విరిగేది ఆ అతుకు అంచునే. ముక్కు అతుకులో సన్నని వెదురు పుల్ల దించితే బలం.

పై కాగితం అతికించేముందు బెల్‌క్రాంక్ బిగించిన పలకను చూడండి. తీగల లాగుడంతా దాని మీదే పడుతుంది, దెబ్బ మాత్రం పైకి కనిపించదు. పోటీల్లో మోడల్ బరువుకు పదింతల బలంతో తీగలను లాగి చూస్తారు. పైన చెప్పిన 1.2 కిలోల మోడల్‌కైతే స్ప్రింగ్ త్రాసు మీద 12 కిలోలు. చిటుక్కుమన్న శబ్దం వస్తే రెక్క మళ్ళీ విప్పాల్సిందే.