ఏడుకొండలు దాచుకున్న చెట్లు

ఇండియా వెళ్లిన ప్రతిసారీ మనలో చాలామందిమి తిరుమల చూడకుండా తిరిగి రాము. దర్శనం టికెట్లు, గది, లడ్డూల హడావిడిలో ఆ కొండల్ని మాత్రం పెద్దగా పట్టించుకోం. ‘పుష్ప’ చూసిన మన పిల్లలకైతే ఎర్రచందనం అంటే స్మగ్లింగే గుర్తొస్తుంది. కానీ బీఎస్సీలో బోటనీ చదివిన వాళ్లకు శేషాచలం ఒక నిధి.

ముందు రాయి సంగతి. తూర్పు కనుమల్లో భాగమైన ఈ కొండల పైభాగం క్వార్ట్‌జైట్. అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయిగా మారింది. దాని కింద అంతకన్నా చాలా పాత గ్రానైట్ ఉంది. ఘాట్ రోడ్డు పక్కన ఈ రెండూ కలిసే గీత కనిపిస్తుంది. ఆ గీతకు పైనా కిందా ఉన్న రాళ్ల వయసుల్లో తేడా దాదాపు 80 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క.

ఈ రాయి మీద మట్టి పలచన, నీరు నిలవదు. పైగా రాయలసీమ ఎండలు. మా హెర్న్‌డన్‌లో నెలనెలా వానో మంచో పడుతుంది కాబట్టి ఓక్, మేపుల్ చెట్లకు నీటి కరువు అంతగా తెలియదు. శేషాచలం చెట్టు మాత్రం ఆకులు రాల్చుకుని, నిదానంగా పెరుగుతూ వేసవి గట్టెక్కాలి. పొడి నేలల మధ్య నిలబడ్డ కొండ సముద్రంలో దీవిలాంటిది. అక్కడి మొక్కలు అక్కడివిగానే మిగిలిపోతాయి. సహారా ఎడారిలో తస్సిలి పర్వతాల మీద మిగిలిన రెండు వందల పైచిలుకు సైప్రస్ చెట్ల కథా ఇలాంటిదే.

మన ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రధానంగా కడప, చిత్తూరు చుట్టుపక్కల కొండల్లోనే. పసిపిల్లలకు వాపు వస్తే అమ్మమ్మలు సాన మీద అరగదీసి రాసిన రక్తచందనం ఇదే. జపాన్‌లో షామిసెన్ వాద్యం మెడను ఈ చెక్కతో చేస్తారు. కొండ సాంబ్రాణి, తెల్ల కరక, మొగి, జాలారి కూడా ఈ ప్రాంతపు అరుదైన చెట్లే. వీటన్నిటికన్నా ప్రాచీన వంశం సైకస్ బెడ్డోమైది. చూడ్డానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది కానీ పువ్వు పూయదు, శంకువులు వేస్తుంది. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్ పేరు దానికి పెట్టారు. దాని బంధువులు డైనోసార్ల కంటే ముందే భూమ్మీద ఉన్నాయి.

2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అయినా గొడ్డలి ఆగలేదు. నిదానంగా పెరిగే చెట్టును నరకడానికి కొన్ని నిమిషాలు చాలు, దాని చోట మరొకటి చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ ఎర్రచందనం వ్యాపారాన్ని 1995 నుంచి నియంత్రిస్తోంది. సైకస్ బెడ్డోమైకి ఇంకా కఠినమైన రక్షణ ఉంది.

కాబట్టి ముచ్చటపడి ఎర్రచందనం బొమ్మ కొని సూట్‌కేసులో పెట్టే ముందు, దాన్ని దేశం దాటించడానికి ఏ అనుమతులు కావాలో కనుక్కోండి. ఈసారి దర్శనం అయ్యాక పిల్లల్ని శిలాతోరణం దగ్గరికి తీసుకెళ్లండి. ఆ రాయిని ముట్టుకోనివ్వండి. ఎర్రచందనం దొంగల కథ కాదని, మన కొండల సొంత బిడ్డ అని వాళ్లకు చెప్పాల్సింది మనమే.