కన్ను కొలవలేదు, కలపగలదు

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. బ్యాంకు పని ముగించుకుని వారానికి రెండు సాయంత్రాలు డ్రాయింగు తరగతికి వెళుతున్నారట. అందులో చిన్నప్పటి నుంచీ బొమ్మలేస్తున్న కుర్రాడి మొదలు, రిటైరయ్యాకే పెన్సిలు పట్టిన పెద్దాయన దాకా అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. మొదటిరోజు మాస్టారు బల్ల మీద స్టీలు కంచం, దాని పక్కన చెంబు పెట్టి గీయమన్నారు. దాదాపు అందరి కంచాలూ ఒకే తప్పుతో వచ్చాయి. ఉండాల్సినదానికంటే గుండ్రంగా, కంచాన్ని మన వైపు ఎత్తి పట్టుకున్నట్టుగా వచ్చాయి. “ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ గీస్తున్నా ఇంతమందికి ఒకే తప్పు ఎలా వస్తుంది? చెయ్యి తిరగకనా, కన్ను సరిగా లేకనా?” అని ఆవిడ ప్రశ్న.

ఈ నెలకని మొదలుపెట్టిన వ్యాసాన్ని పక్కన పెట్టేశాను. ఇంత మంచి ప్రశ్న తరచూ రాదు.

చెయ్యి సంగతి ముందు తేల్చేద్దాం. గొలుసుకట్టు రాతలో సంతకం చేయగల చేతికి కంచం అంచు గీయడం లెక్కలోది కాదు. 1997లో డేల్ కోహెన్, బెనెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్ననే పట్టుకుని, అనుమానితులందరినీ ఒక్కొక్కరినే పరీక్షించారు. చేతి నైపుణ్యం చాలా చిన్న కారణమనీ, అసలు పొరపాటు వస్తువును చూడటంలోనే జరుగుతోందనీ తేల్చారు.

కంటి కటకం, రెటీనా, దానిమీద తలకిందులుగా పడే బొమ్మ ఇవన్నీ బడి పాఠాలే కాబట్టి నేరుగా కంచం దగ్గరికి వెళదాం. కంచం మీకు 70 సెంటీమీటర్ల అవతల ఉంది, మీ కన్ను దానికి 40 సెంటీమీటర్ల ఎత్తున ఉంది అనుకోండి. చూపు దాదాపు 30 డిగ్రీల వాలులో పడుతుంది. 30 డిగ్రీల సైను విలువ సగం. అంటే రెటీనా మీద పడే కంచం బొమ్మ ఎత్తు దాని వెడల్పులో సగమే. అది సన్నటి దీర్ఘవృత్తం. మనకు మాత్రం అంత సన్నగా అనిపించదు. మెదడు ఆ సన్నటి ఆకారాన్ని తీసుకుని, బల్ల ఎంత వాలులో ఉందో, కంచం ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, వాలు వల్ల పోయిన గుండ్రదనాన్ని చాలావరకు తిరిగి కలిపేస్తుంది. సవరించిన ఈ ఫలితమే మన ఎరుకలోకి వస్తుంది. ముడిసరుకు రాదు. దీన్ని ఆకార స్థిరత్వం అంటారు. పరిమాణం విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఎదురుగా నడిచి వస్తున్న మనిషి రెటీనా మీద రెట్టింపవుతున్నా, మనకు అతను పెరుగుతున్నట్టు అనిపించదు. ఇలాంటి లెక్కలు మనకు తెలియకుండానే జరిగిపోతాయని శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే చెప్పాడు.

నమ్మకం కుదరకపోతే రేపు ఉదయం ఆవిరి పట్టిన అద్దం ముందు నిలబడండి. ఒక కన్ను మూసి, అద్దంలోని మీ తల చుట్టూ వేలితో గీత గీయండి. మీ తల 22 సెంటీమీటర్ల పొడవుంటే గీత 11 సెంటీమీటర్లే వస్తుంది. అద్దంలో రోజూ చూసుకునే ముఖం అద్దం మీద సగం సైజులోనే ఉందన్నమాట! వెనక్కి జరిగి గీసినా అదే 11. మీకూ మీ ప్రతిబింబానికీ సరిగ్గా నడిమధ్య అద్దం ఉంటుంది కాబట్టి ఎంత దూరం పోయినా సగం సగమే. కళాచరిత్రకారుడు గోంబ్రిచ్ 1960లో ఈ ప్రయోగాన్ని చెప్పి, చేసి చూడందే ఎవరూ నమ్మరని గుర్తుచేశాడు.

కంచం లెక్కను ప్రయోగశాలలో కొలిచినవాడు గ్లాస్గోలో పనిచేసిన రాబర్ట్ థౌలెస్. 1931లో ఆయన బల్ల మీద వృత్తాకారపు బిళ్ళలు పెట్టి, కనిపిస్తున్న ఆకారానికి సరిపోయే దీర్ఘవృత్తాన్ని ఎంచమన్నాడు. జనం ఎంచినవి రెటీనా మీది ఆకారానికీ అసలు వృత్తానికీ మధ్యలో పడ్డాయి. చక్కటి ప్రయోగం. కానీ అక్కడితో ఆగలేదాయన. 1933లో భారతీయ విద్యార్థులనూ బ్రిటిష్ విద్యార్థులనూ పోల్చి, భారతీయులకు ఈ సవరణ ఎక్కువని, అది జాతుల మధ్య తేడా అని, మన చిత్రకళలో పర్‌స్పెక్టివ్ (దూరమయ్యేకొద్దీ వస్తువులను చిన్నగా గీసే పద్ధతి) లేకపోవడానికి కారణం అదేనని రాశాడు. ఇది శుద్ధ తప్పు. ఇటలీ చిత్రకారులు కూడా 14వ శతాబ్దంలో పర్‌స్పెక్టివ్ సూత్రాలు లేకుండానే గీశారు. అల్బెర్తి వాటిని పుస్తకంలో పెట్టింది 1435లో. ఆ మధ్యలో ఇటాలియన్ల జాతి మారిపోయిందా? లేపాక్షి గుడి కప్పు మీద గీసినవాళ్ళు గీతతో కథ చెప్పదలిచారు. వాళ్ళు ఎంచుకున్న పద్ధతికి వాళ్ళ కంటిలో లోపం వెతకడం విజ్ఞానం కాదు.

ఇంకో పెద్దమనిషి కూడా తప్పు చెప్పాడు, కానీ ఎంతో ప్రేమతో చెప్పాడు. 1854లో లండన్‌లో కార్మికుల కోసం వర్కింగ్ మెన్స్ కాలేజీ మొదలైంది. పగలంతా పనిచేసి వచ్చినవాళ్ళకు సాయంత్రం పూట పాఠాలు చెప్పేవారు. అక్కడ డ్రాయింగు నేర్పినవాడు జాన్ రస్కిన్, ఆ కాలపు ఇంగ్లండులో అందరికంటే పేరున్న కళావిమర్శకుడు. రోసెట్టి లాంటి చిత్రకారుడు కూడా అక్కడ నేర్పాడు. వడ్రంగులకూ పనివాళ్ళకూ తన సాయంత్రాలు ఇచ్చిన రస్కిన్ మీద నాకు అపారమైన గౌరవం. ఆ అనుభవం తర్వాత 1857లో రాసిన డ్రాయింగు పుస్తకంలో, వీధిలో దొరికిన గుండ్రటి రాయి తెచ్చి గీయమన్నాడు. ఎంత మంచి పాఠం! అయితే అదే పుస్తకంలో, పసిపిల్లలకున్న అమాయకపు చూపును తిరిగి తెచ్చుకోవడమే చిత్రకారుడి రహస్యమని కూడా రాశాడు. వస్తువేదో తెలియనట్టు రంగు మచ్చలను మాత్రమే చూడాలట.

అలాంటి చూపు మనిషికి సాధ్యమేనా? 2011లో పారిస్‌లో పెర్‌ద్రో, కావనా అనే పరిశోధకులు చిత్రకారులనూ మామూలువాళ్ళనూ కూర్చోబెట్టి, రెటీనా మీద పడ్డదాన్ని సవరణ లేకుండా చెప్పగలరా అని పరీక్షించారు. చిత్రకారులూ మనలాగే మోసపోయారు. చిత్రకారుల్లో ఈ పొరపాటు కొంత తక్కువని చూపిన ప్రయోగాలు వేరే ఉన్నాయి. ఏ ప్రయోగమూ అమాయకపు కన్నును మాత్రం చూపలేదు. సవరణ మన ఎరుకకు ముందే జరిగిపోతుంది కాబట్టి, దాన్ని ఆపే మీట మన చేతిలో లేదు.

మరి చిత్రకారులు కంచాన్ని సరిగా ఎలా గీస్తున్నారు? కంటిని ఇంకో ప్రశ్న అడుగుతారు. అంతే!

చెయ్యి బారచాచి, మోచెయ్యి వంచకుండా పెన్సిలు నిలువుగా పట్టుకోండి. ఒక కన్ను మూయండి. పెన్సిలు కొనను కంచం అవతలి అంచుకూ, బొటనవేలి గోరును ఇవతలి అంచుకూ కలపండి. వేలు కదల్చకుండా పెన్సిలును అడ్డం తిప్పి, ఆ కొలత కంచం వెడల్పులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. రెండుసార్లు పడిందా? అయితే కాగితం మీదా అంతే. ఈ చిట్కాను డ్రాయింగు మాస్టార్లు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. ఎందుకు పనిచేస్తుందో చూడండి.

పొడవును అంచనా వేయాలంటే మెదడుకు దూరం కావాలి. దూరం లెక్కలోకి రాగానే సవరణ మొదలవుతుంది. కానీ పెన్సిలు కొనా కంచం అంచూ ఒకచోట కలిశాయా లేదా అని చెప్పడానికి దూరంతో పనే లేదు. రెండూ ఒకే దిక్కున ఉంటే చాలు. సవరించడానికి అక్కడ ఏమీ లేదు. ‘ఎంత?’ అన్న ప్రశ్నను ‘కలిసిందా?’ అన్న ప్రశ్నగా మార్చేశాం.

పైగా ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడంలో మన కన్ను అద్భుతం. రెండు చుక్కలు విడివిడిగా కనబడాలంటే వాటి మధ్య సుమారు ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు ఎడం ఉండాలి. రెటీనా నడుమ శంకు కణాల మధ్య ఎడమే 30 ఆర్క్ సెకన్ల దాకా, అంటే అర ఆర్క్ నిమిషం దాకా ఉంటుంది. అయినా ఒక నిలువు గీత కింద ఇంకో గీత పెట్టి, అది పక్కకు జరిగిందా అని అడిగితే, మంచి కన్ను 5 ఆర్క్ సెకన్ల తేడాను కూడా పట్టేస్తుంది. కణాల ఎడంలో ఆరో వంతు! మీటరు దూరంలో అది మిల్లీమీటరులో 40వ వంతు. ఎలా సాధ్యం? గీత నుంచి వచ్చే కాంతి ఒక్క కణం మీదే పడదు, చుట్టూ కొన్నింటి మీద పరుచుకుంటుంది. ఏ కణం ఎంత స్పందించిందో పోల్చి మెదడు గీత నడిమధ్యను లెక్కగడుతుంది. జెరాల్డ్ వెస్ట్‌హైమర్ 1975లో దీనికి హైపర్‌అక్యూటీ అని పేరు పెట్టాడు. మీరు బడిలో వాడిన వెర్నియర్ కాలిపర్స్ పనిచేసేది ఈ శక్తి మీదే. అక్కడా మనం ఏ గీత ఏ గీతతో కలిసిందో చూడటమే చేశాం.

పెన్సిలు దగ్గరగా, కంచం దూరంగా ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి మసకబారుతుంది, చెయ్యీ వణుకుతుంది. అంత సూక్ష్మత దక్కదు. కంచం విషయంలో మనం చేస్తున్న తప్పు పెద్దది కాబట్టి అంత అవసరమూ లేదు. రెండు కళ్ళూ తెరిచి కంచాన్ని చూస్తే పెన్సిలు రెండుగా కనిపిస్తుంది కాబట్టే ఒక కన్ను మూయమనేది. మోచెయ్యి వంచవద్దనడానికీ లెక్క ఉంది. కంటికి 60 సెంటీమీటర్ల దూరాన 6 సెంటీమీటర్లు వచ్చిన కొలత, పెన్సిలు 50కి జరిగితే 5 అయిపోతుంది. డ్యూరర్ 1525లో అచ్చువేసిన కొలతల పుస్తకంలో గోడకు కొట్టిన మేకు నుంచి దారం లాగి ల్యూట్ అనే తంత్రీవాద్యాన్ని గీస్తున్న మనుషులున్నారు. అంతటి చిత్రకారుడు కూడా ఒట్టి కంటిని నమ్మలేదు. వస్తువును తాకిన దారం చట్రంలోంచి దాటే చోటు చూసి, చుక్కపెట్టి, చుక్కలు కలిపాడు.

ఇందులో చాలా సంగతులు అప్పటికే తెలిసిన లోకంలో 1979లో బెటీ ఎడ్వర్డ్స్ పుస్తకం వచ్చి, కుడి మెదడును నిద్రలేపితే బొమ్మలు వచ్చేస్తాయన్న మాటను ఊరూరా చేర్చింది. ఆ మాటకు ఆధారంగా చూపిన, మెదడు రెండు సగాల మీద రోజర్ స్పెర్రీ చేసిన పరిశోధన గొప్పది, 1981లో నోబెల్ వచ్చింది. దాని మీద కట్టిన ఈ మాట మాత్రం నిలవలేదు. 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు 1,011 మంది మెదడు స్కానులు చూసి, కుడి మెదడు మనుషులు, ఎడమ మెదడు మనుషులు అనే రకాలు లేవన్నారు. బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి గీయమన్న ఆవిడ ప్రసిద్ధ అభ్యాసాన్ని 2010లో కోహెన్, ఎర్ల్స్ పరీక్షిస్తే కచ్చితత్వమేమీ పెరగలేదు. అయినా మన ఊళ్ళలో ‘కుడి మెదడు మేల్కొలుపు’ బోర్డులు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, పిల్లల దగ్గరా పెద్దల దగ్గరా ఫీజులు వసూలవుతూనే ఉన్నాయి. ఒత్తిడి తగ్గుతుందని, జ్ఞాపకశక్తి పెరుగుతుందని కూడా చెబుతారు. ఒక మనిషి తన ఎదురుగా ఉన్న వస్తువును శ్రద్ధగా చూడటం నేర్చుకుంటున్నాడంటే అది చాలదా? దానికి ఇంకో లాభం అంటగట్టాలా?

పనికొచ్చే మాట ఒకటి మాత్రం చెప్పి ముగిస్తాను. 2005లో కోహెన్ గమనించిందేమిటంటే, కాగితం నుంచి వస్తువు వైపు తరచుగా చూపు తిప్పేవాళ్ళు బాగా గీస్తారు. చూపు తిరిగేలోగా గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువైతే, సవరణలు దూరే సందూ తక్కువవుతుంది. కాబట్టి చెంబంతా ఒకేసారి చూసి గీయకండి. అంగుళం చూడండి, అంగుళం గీయండి, మళ్ళీ చూడండి. సాయంత్రం తరగతిలో చేరదలిస్తే వయసు, అనుభవం అడ్డు కావు. ఫీజు కట్టే ముందు మాస్టారిని ఒక్కటే అడగండి, మొదటి వారం పెన్సిలుతో కొలవడం నేర్పుతారా అని. నేర్పనంటే ఇంకో తరగతి వెతుక్కోండి.