బండికి ట్యూనర్ పెడితే లాభమెంత? నోవై ఇంజన్ చెప్పిన పాఠం

పోయిన నెల సెలవు రోజున సోనాపూర్ క్యాంపు నుంచి ఒక సిరిసిల్ల తమ్ముడు మా రూముకు వచ్చి ఒక చీటీ చేతిలో పెట్టాడు. ఇంజన్ ట్యూనర్‌కు గ్యారేజీవాడు రాసిచ్చిన ధర అది. 1,800 దిర్హాములు. "అన్నా, ఇది పెడితే బండి ఉరుకుతదంటున్నరు. పెట్టిద్దామా, వద్దా?" అని అడిగాడు.

నలుగురు రూమ్మేట్లు కలిసి కొన్న పాత జపాన్ బండి అది. టర్బో లేదు. అప్పటికే గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు వేయించారు, వెనక సైలెన్సరు మార్పించారు. ఇక మిగిలింది ట్యూనరే అని వాళ్ళ లెక్క. ఆ 1,800 ఆ తమ్ముడికి నెల జీతం కన్నా ఎక్కువ.

మేము ఇంజనీర్లం కాదు. ఇంటర్ చదివి ఇక్కడికొచ్చి గుమాస్తా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళం. కానీ కంపెనీ బండ్ల ముల్కియా, ఇన్సూరెన్సు, గ్యారేజీ బిల్లులు మా చేతుల మీదుగానే పోతాయి. అందుకని తెలిసిన ఫోర్‌మన్లను అడిగాం. అమెరికాలోని నోవైలో కార్ల రంగంలో పనిచేస్తున్న మా బంధువుకు ఫోన్ చేశాం.

నోవై అంటే మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కన ఉన్న ఊరు. కార్ల పరిశ్రమ మూలంగా మన తెలుగువాళ్ళు చాలామంది అక్కడ స్థిరపడ్డారు. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. 2025 జూలైలో తానా 24వ మహాసభలు అక్కడే జరిగాయి. మా బంధువు ట్యూనర్ మాట పక్కన పెట్టి ముందు వాళ్ళ ఊరి పేరు పెట్టుకున్న ఒక ఇంజన్ కథ చెప్పాడు.

గెలవని గుర్రం

నోవైలో లూ వెల్చ్ అనే ఆసామికి ఇంజన్ గవర్నర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. గవర్నర్ అంటే ఇంజన్ వేగం హద్దు మీరకుండా పట్టి ఉంచే పరికరం. అలాంటి పరికరం అమ్మి సంపాదించిన ఆయనే హద్దులేని వేగం కోసం డబ్బు పోశాడు. విన్‌ఫీల్డ్ అన్నదమ్ములు, లియో గూసెన్ కలిసి రూపొందించిన ఆ వి8 ఇంజన్‌కు సూపర్‌ఛార్జర్ తగిలించారు. 1941లో అది మొదటిసారి ఇండియానాపొలిస్ 500 మైళ్ళ రేసులో దిగింది.

1946లో రాల్ఫ్ హెప్‌బర్న్ ఆ బండిని గంటకు సుమారు 134 మైళ్ళ సగటు వేగంతో నడిపి అర్హత పోటీలో కొత్త రికార్డు పెట్టాడు. రేసులో ముందుండి కూడా, ఇంజన్ మొరాయించి చివరిదాకా నిలవలేదు. 1948లో అదే హెప్‌బర్న్ ప్రాక్టీసులో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది డ్యూక్ నేలన్‌కు దక్కిన మూడో స్థానమే నోవైకి వచ్చిన పెద్ద ఫలితం. 1953లో చెట్ మిల్లర్ కూడా ప్రాక్టీసులోనే చనిపోయాడు. 1965 దాకా ఆ ఇంజన్ రేసుల్లో కనిపించింది. ఒక్క ఇండియానాపొలిస్ రేసూ గెలవలేదు.

బలం లేక కాదు. దాని చప్పుడు వినడానికే జనం వచ్చేవారట. కానీ అంత బలాన్ని టైర్లు, బండి తట్టుకోవాలి కదా! "ఇంజన్ ఒక్కటే బండి కాదు" అన్నాడు మా బంధువు.

ట్యూనర్ ఏం చేస్తుంది?

ఇప్పటి బండ్లలో ఇంజన్‌కు ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఎంత గాలి వస్తోంది, ఎంత పెట్రోలు పోయాలి, ఏ క్షణంలో ప్లగ్గు మెరవాలి అన్నది అదే చూసుకుంటుంది. దాని లెక్కలను మార్చేదే ట్యూనర్.

మరి ఫిల్టరు, సైలెన్సరు మారిస్తే ఆ లెక్కలు మార్చాలా? అక్కరలేదు. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు చూసి కంప్యూటరే పెట్రోలును కాస్త ఎక్కువ తక్కువ చేసుకుంటుంది. ఆ పాటి తేడాను సర్దుకునే తెలివి దానికి కంపెనీయే ఇచ్చింది.

టర్బో లేని బండికి ట్యూనర్ పెడితే మామూలుగా దొరికేది ఐదో పదో హార్స్‌పవర్. నలుగురు ఎక్కి ఏసీ వేసుకుంటే ఆ తేడా కాలికి తెలియదు. పైగా అది ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకు కట్టిన ట్యూన్ అయితే, 95 పోసేవాళ్ళు ఎప్పటికీ 98 పోయాల్సిందే. ఎండాకాలం వేడిగాలికి ఇంజన్‌లో నాక్ మొదలైతే, కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించేస్తుంది. కొన్న లాభం కాస్తా పోతుంది.

టర్బో బండి సంగతి వేరు. అక్కడ గాలి ఒత్తిడి పెంచవచ్చు కాబట్టి ఐదో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి బలం పెరుగుతుంది. కానీ గేరుబాక్సు, క్లచ్ మీద భారమూ పెరుగుతుంది. ఇంజెక్టర్లు, క్యామ్‌షాఫ్టు లాంటివి మార్చినవాళ్ళకు ట్యూనింగ్ తప్పనిసరి. టైర్ల సైజు మార్చినవాళ్ళకు స్పీడోమీటరు సరిచేయడానికి పనికొస్తుంది. ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో తెలుసుకోవడమే పనైతే మటుకు చవక స్కానరు చాలు, ట్యూనరు అక్కరలేదు.

స్టీరింగ్ కింద గుచ్చగానే మైలేజీ పెరుగుతుందని అమ్మే చిన్న డబ్బాలు ఉన్నాయి. వాటిలో చాలావాటి లోపల లైటు మెరిపించే సర్క్యూటు తప్ప ఏమీ ఉండదు. వాటికి పది దిర్హాములు పెట్టినా దండగే.

చట్టం మాట కూడా మరవొద్దు. పొగను శుభ్రం చేసే పరికరాలను పనిచేయకుండా చేసే ట్యూనర్లు అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. ఇక్కడ కూడా అనుమతి లేకుండా ఇంజన్ మార్పులు చేస్తే జరిమానా ఉంది, బండి పట్టుకుపోతారు. బండి ఎవరి పేరున ఉంటే తలనొప్పి వాళ్ళదే.

చివరికి ఏం చేశారు?

తమ్ముడితో మేము ఒక్క మాటే అన్నాం. "ముందు టైర్ల మీద తేదీ చూసిరా." టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3418 అంటే 2018లో 34వ వారం. ఎండకు రబ్బరు పగుళ్ళు తీస్తుంది, హైవే మీద పేలితే ఎంత మంచి డ్రైవరైనా చేసేది లేదు.

ఆ బండికి రెండు టైర్లు ఐదేళ్ళు దాటాయి. పాసింగ్‌కు ఇంకా రెండు నెలలుంది. నలుగురూ కూర్చుని మాట్లాడుకుని, ట్యూనరు కోసం పోగేసిన డబ్బులో నాలుగు కొత్త టైర్లు, ప్లగ్గులు, ఇంజన్ ఆయిలు వేయించారు. మిగిలింది తమ్ముడు ఇంటికి పంపాడు. "బండి ఉరుకుతలేదు గని, భయం పోయిందన్నా" అన్నాడు మొన్న కనిపించినప్పుడు.

మిత్రులారా, సరదా తప్పని మేము అనం. టర్బో బండి ఉండి, చేతిలో మిగులు ఉండి, పని తెలిసిన గ్యారేజీ దొరికితే ట్యూనింగ్ చేయించుకోండి. ఫిల్టరూ సైలెన్సరూ మార్చిన పాత బండికి మాత్రం ఆ నెల జీతం పోయకండి. ఈ వారం కిందికి దిగినప్పుడు టైర్ల మీద ఆ నాలుగంకెలు ఒకసారి చూసుకోండి.