నల్లి పురుగు కాదా? కీటకాల చుట్టరికాల కథ

ఈరోజు పురుగుల గురించి మాట్లాడుకుందాం. మన తెలుగులో ‘పురుగు’ అనే మాట పెద్ద గోనెసంచి లాంటిది. బొద్దింక అందులోనే, సాలెపురుగు అందులోనే, పిల్లల కడుపులో నులిపురుగులూ అందులోనే. సైన్సు ఈ సంచిని విప్పి దేనికది విడిగా పెడుతుంది.

జంతు రాజ్యంలో అన్నిటికన్నా పెద్ద విభాగం ఆర్థ్రోపోడా. కాళ్ళకి కీళ్ళుంటాయి, ఒంటి మీద గట్టి పెంకు ఉంటుంది. లోపల ఎముకలుండవు. పెరగాలంటే పాత పెంకు విడిచెయ్యాల్సిందే. నులిపురుగుకి అసలు కాళ్ళే లేవు, అది ఇక్కడే అవుట్.

ఈ ఆర్థ్రోపోడాలో ఒక తరగతి ఇన్‌సెక్టా, అంటే కీటకాలు. ఇప్పటివరకు పేర్లు పెట్టినవే దాదాపు 10 లక్షల జాతులు! గుర్తుపట్టడం ఈజీ. తల, రొమ్ము, పొట్ట అని ఒళ్ళు మూడు భాగాలు, ఆరు కాళ్ళు, ఒక జత మీసాలు. రెక్కలు ఉండాలన్న రూలేం లేదు, పేనుకి రెక్కలు లేవు, అయినా కీటకమే. మరి గొంగళిపురుగుకి బోలెడు కాళ్ళు కదా అంటారేమో. ముందున్న ఆరే అసలు కాళ్ళు. వెనకవి ఆకుని పట్టుకోడానికి ఉన్న మెత్తటి బుడిపెలు.

సాలెపురుగుకి, తేలుకి ఎనిమిది కాళ్ళు, మీసాలుండవు. వాటి తరగతి అరాక్నిడా. 1758లో లిన్నేయస్ అయితే సాలీడు, తేలు, పీత అన్నిటినీ ఇన్‌సెక్టాలోనే వేసేశాడు, తర్వాతివాళ్ళు విడదీశారు. ఇంకో ట్విస్ట్ ఏంటంటే, డీఎన్ఏ చూస్తే కీటకాలకి దగ్గరి చుట్టం సాలీడు కాదు, రొయ్యలూ పీతలూ. పురుగు పేరెత్తితే ఛీ అని, రొయ్యల ఇగురు మాత్రం రెండోసారి వడ్డించుకునే నా ఫ్రెండ్స్‌కి ఇది అంకితం.

ఇదంతా పరీక్షల కోసమేనా అంటే, కాదు. మిరప తోట ఉన్న ఇంట్లో ఇది డబ్బు విషయం. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. తెల్లనల్లి పడితే కిందికి, తిరగేసిన పడవలాగ. తామర పురుగు కీటకం, నల్లి సాలీడు వైపు చుట్టం. మన భాషలో ఇంకో తిరకాసు: మంచంలో ఉండే నల్లి ఆరు కాళ్ళ అసలైన కీటకం, పొలంలో నల్లి ఎనిమిది కాళ్ళది. పేరొక్కటే, తరగతులు వేరు.

ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు కీటకాల నరాల మీద పనిచేస్తుంది, నల్లిని ఏమీ చెయ్యదు. పైగా నల్లిని తినే మంచి పురుగులు చచ్చిపోతే నల్లి ఇంకా పెరగొచ్చు. రెండిటి మీదా పనిచేసే మందులు కొన్ని ఉన్నాయి గానీ, నల్లికి గంధకం లాంటి వేరే మందులు కావాలి. ‘పురుగు పట్టింది, మందివ్వు’ అని షాపులో అడిగితే ఏది చేతిలో పెడతారో చెప్పలేం.

తెల్లనల్లి ఎంత చిన్నదంటే మామూలు ఫోన్ కెమెరాకి కాళ్ళు లెక్కపెట్టేంతగా దొరకదు. అందుకని ఆకు ఎటు ముడుచుకుందో ఫోటో తియ్యండి, తిరగేసి అడుగు భాగం కూడా తియ్యండి. వైరస్ వల్ల కూడా ముడత వస్తుంది, కాబట్టి ఆ ఫోటోలు మీ మండల వ్యవసాయ అధికారికి చూపించాకే నాన్నని మందుల షాపుకి వెళ్ళమనండి.