బేస్‌బాల్‌లో పికాఫ్ – ఒక్క అడుగు విలువ

క్రికెట్‌లో బౌలర్ బంతి వేయకముందే నాన్‌స్ట్రయికర్ క్రీజు దాటితే రనౌట్ చేయవచ్చు. 1947లో సిడ్నీలో వినూ మన్కడ్ ఆస్ట్రేలియా ఆటగాడు బిల్ బ్రౌన్‌ను ఇలాగే ఔట్ చేశాడు. అది న్యాయమా కాదా అని మనం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. అమెరికావారి బేస్‌బాల్‌లో మాత్రం ఇలాంటి పని మామూలే. దాని పేరు పికాఫ్.

ముందు మైదానం సంగతి. నాలుగు బేస్‌లు చతురస్రంగా ఉంటాయి. ఒక బేస్ నుంచి మరో బేస్‌కు 90 అడుగులు. బంతి విసిరేవాడు పిచ్చర్, బ్యాటర్ వెనుక కూర్చుని పట్టేవాడు క్యాచర్. ఫస్ట్ బేస్‌లోని రన్నర్ పది పన్నెండు అడుగులు ముందుకు జరిగి నిలబడతాడు. పిచ్చర్ బ్యాటర్‌కు బంతి విసిరే సమయం చూసి సెకండ్ బేస్‌కు పరుగెత్తుతాడు. దీన్ని 'స్టీల్' అంటారు. అంటే ఆట ఒప్పుకున్న దొంగతనం!

ఇక లెక్క చూడండి. పిచ్చర్ కదిలినప్పటి నుంచి బంతి క్యాచర్‌కు చేరడానికి సుమారు 1.3 సెకన్లు. క్యాచర్ దాన్ని సెకండ్ బేస్‌కు చేర్చడానికి సుమారు 2 సెకన్లు. మొత్తం 3.3. రన్నర్‌కూ దాదాపు అంతే పడుతుంది. వేగం అందుకున్న రన్నర్ సెకనుకు సుమారు 27 అడుగులు పోతాడు. అంటే ఒక అడుగు విలువ 0.04 సెకను. ఔటా, సేఫా అన్నది తేల్చేది ఆ అడుగే.

అందుకే పిచ్చర్ హఠాత్తుగా ఫస్ట్ బేస్‌కు విసురుతాడు. రన్నర్ వెనక్కి వచ్చి బేస్ తాకేలోగా అక్కడి ఫీల్డర్ అతనికి బంతి తాకిస్తే ఔట్. చాలాసార్లు ఔట్ కాడు. అయినా ఆ శ్రమ వృథా కాదు. బెదిరిన రన్నర్ ఈసారి ఒక అడుగు తక్కువ జరుగుతాడు.

ఎడమచేతి పిచ్చర్ ఫస్ట్ బేస్‌కు ఎదురుగా నిలబడతాడు. కాలు ఎత్తాక కూడా ఎటు విసురుతాడో రన్నర్‌కు అంతుపట్టదు. ఆండీ పెటిట్ ఇందులో దిట్ట. కుడిచేతి పిచ్చర్‌కు ఆ బేస్ వీపు వైపు ఉంటుంది. గిర్రున తిరగాలి కనుక పాదాల వేగమే అతని ఆయుధం.

మోసానికీ హద్దుంది. పిచ్చర్ తన స్థానంలో కాలు ఉంచి ఫస్ట్ బేస్‌కు విసిరినట్టు నటించి ఆగకూడదు. అడుగు ఆ బేస్ వైపే వేసి విసరాలి. తప్పితే 'బాక్'. రన్నర్‌కు ఒక బేస్ ఉచితం. 2023 నుంచి మేజర్ లీగ్‌లో ఒక బ్యాటర్ ఆడుతుండగా రెండు ప్రయత్నాలకే అనుమతి. మూడోసారీ ఔట్ చేయలేకపోతే బాక్. ఆ ఏడాదే బేస్‌లను కూడా పెద్దవి చేశారు. 2022లో 2,486 ఉన్న స్టీల్స్ 2023లో 3,503 అయ్యాయి.

2004 అక్టోబర్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు యాంకీస్ చేతిలో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడింది. నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 3–4తో వెనుకబడింది. కేవలం పరుగెత్తడానికే డేవ్ రాబర్ట్స్‌ను ఫస్ట్ బేస్‌కు పంపారు. పిచ్చర్ మరియానో రివేరా వరుసగా మూడుసార్లు అక్కడికి విసిరాడు. మూడుసార్లూ రాబర్ట్స్ వెనక్కి చేరుకున్నాడు. రివేరా బ్యాటర్‌కు విసిరిన మొదటి బంతికే పరుగెత్తి వెంట్రుకవాసిలో సేఫ్ అయ్యాడు. బిల్ మ్యూలర్ కొట్టిన దెబ్బకు స్కోరు సమమైంది. ఆ మ్యాచ్, ఆ సిరీస్, 1918 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్ కూడా బోస్టన్‌వే. నేటి నియమమైతే మూడో విసురుకే రాబర్ట్స్‌కు సెకండ్ బేస్ ఊరికే దక్కేది!

తమ్ముళ్ళూ, మన ఇళ్ళలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం మనలో ఎందరో. ఉన్నచోటు వదిలి ముందుకు జరగాలంటే భయమే. వెనక్కి నెట్టేవాళ్ళూ ఉంటారు. కానీ బేస్‌కు అతుక్కుని కూర్చున్నవాడు స్టీల్ చేయలేడు. ఆ ఒక్క అడుగు వదులుకోకండి.