బొమ్మల కొలువులో గోల్కొండ తోపు

సెలవులకు హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం చూడండి. అక్కడి బొమ్మ సైనికులను చూశాక మన పిల్లలు ఊరుకోరు, ఇంట్లోనూ ఒక యుద్ధం పేర్చాల్సిందే.

1687 గోల్కొండ ముట్టడి పేర్చుదామంటే ఫిరంగి దగ్గరే చిక్కు. బజార్లో దొరికేవి ఎక్కువగా గుర్రాలు లాగే యూరప్ ఫిరంగులు. ఔరంగజేబు పెద్ద తోపులను లాగింది ఎద్దులు, అదీ జతలకు జతలు. కాబట్టి ముందు ఎద్దుల బొమ్మలు వెతకండి. 54 మిల్లీమీటర్ల సైనికుడి పక్కన పదడుగుల తోపు సుమారు 9.5 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. ఇందుకూరుపేటలో ఉంటూ నేలకు ఇసుక కొనడం ఎందుకు? మైపాడు ఇసుకే చాలు. కాకపోతే మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టాలి, ఉప్పు లోహాన్ని తినేస్తుంది.

దాదాగారి కాలం నాటి లోహపు బొమ్మలుంటే మాత్రం జాగ్రత్త. అవి చాలావరకు సీసంవి. పేరున్న బ్రిటన్స్ కంపెనీ కూడా 1966 దాకా సీసంతోనే పోసింది. నోట్లో పెట్టుకునే పిల్లలకు సీసం విషం, మెదడుకు దెబ్బ. వాటిని గాజు బీరువాలో పెట్టి తాళం వేయండి. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆడుకోవడానికి ప్లాస్టిక్‌వి ఇవ్వండి.