చుక్క అత్తరు చాలు!

సెంటు కొట్టుకుంటాం, అత్తరు రాసుకుంటాం. మన మాటల్లోనే ఉంది చూడండి తేడా! సెంటు బుస్సుమని గదంతా పరుచుకుంటుంది. మనకంటే ముందే వీధి గుమ్మం దాటేస్తుంది. అత్తరు అలా కాదు. సూది మొనంత రాసుకుంటే మణికట్టు మీదే కూర్చుంటుంది. బాగా దగ్గరికొచ్చిన వాళ్లకే తెలుస్తుంది. అందరికంటే ముందు, రాసుకున్న మనిషికి తెలుస్తుంది.

అత్తరనగానే చాలామందికి పెళ్లి పందిట్లో పన్నీటి బుడ్డి, నవాబుల సినిమాలు, రంజాన్ నెలలో చార్మినార్ సందడి గుర్తొస్తాయి. మరీ ఘాటనో, మగవాళ్ల సరుకనో అనుకుని పక్కన పెట్టేస్తారు. ఆ సంగతేమిటో చూద్దామని పోయిన వేసవి మొదట్లో పత్తర్‌గట్టీ దగ్గర ఓ పాత దుకాణంలో ఆరు చిన్న సీసాలు కొన్నాను. ఒక్కోటీ మూడు మిల్లీలీటర్లు. వారానికొకటి చొప్పున రాసుకుని, పొద్దున ఎలా ఉంది, సాయంత్రానికి ఎలా మారింది అని నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఆ కబుర్లే ఇవి.

రాగి డేగిశాలో పూలు

ముందు అత్తరు ఎలా తయారవుతుందో చెప్పాలి. మన దేశంలో దీనికి పుట్టినిల్లు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. అక్కడ ఇప్పటికీ పెద్ద పెద్ద రాగి పాత్రల్లో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టి, దూది కలిపి మెత్తి, కింద మంట పెడతారు. ఆ పాత్రను 'డేగ్' అంటారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి 'భప్కా' అనే మరో రాగి పాత్రలోకి పోతుంది. అది చల్లటి నీళ్ల తొట్టిలో ఉంటుంది. అందులో ముందే పోసి ఉంచిన గంధం నూనె పూల వాసనను పీల్చుకుంటుంది. మిగిలిన నీటిని వేరుచేసి మళ్లీ డేగ్‌లో పోస్తారు. మర్నాడు మళ్లీ కొత్త పూలు. నూనెకు వాసన నిండుగా పట్టే వరకూ ఇలా రోజుల తరబడి సాగుతుంది.

ఇందులో స్పిరిట్ ఉండదు. సెంటులో స్పిరిట్ గాలి తగలగానే ఎగిరిపోతూ వాసనను ఒక్కసారిగా వెదజల్లుతుంది. నూనెలో ఉన్న వాసన ఒంటి వెచ్చదనానికి కొంచెం కొంచెంగా లేస్తుంది. అందుకే అత్తరును సీసా మూత దగ్గర ముక్కు పెట్టి తేల్చేయకూడదు. దుకాణంలో పెద్దాయన చేతి మీద చుక్క రాసి, "ఇప్పుడే చెప్పకండమ్మా. చార్మినార్ చుట్టూ ఓసారి తిరిగి రండి, అప్పుడు చెప్పండి" అన్నాడు. గాజులు కొనుక్కుని గంట తర్వాత వెళ్లేసరికి నిజంగానే వాసన వేరుగా ఉంది.

వట్టివేళ్లు, వాన, గులాబి

మొదటి వారం వట్టివేళ్లు. దుకాణాల్లో 'రూహ్ ఖస్' అంటారు. 'రూహ్' అంటే గంధం నూనె కలపకుండా తీసిన అచ్చమైన నూనె. రాగి పాత్రలో దించడం వల్ల లేత ఆకుపచ్చగా ఉంటుంది. రాసుకున్న వెంటనే పచ్చివేరు విరిచినట్టు చేదు వాసన. అరగంటకు ఆ చేదు పోయి, వేసవిలో వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లినప్పటి చల్లదనం మిగిలింది. సాయంత్రం ఐదున్నరకి కిటకిటలాడే సిటీ బస్సులో నిలబడి, కమ్మీ పట్టుకున్న చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే ప్రాణం లేచొచ్చింది. ఎండాకాలానికి నా మొదటి మార్కు దీనికే.

రెండోది మట్టి అత్తరు. అవును, మట్టే! కాల్చిన మట్టిని డేగ్‌లో వేసి దాని వాసనను గంధం నూనెలోకి దించుతారు. తొలకరి పడ్డప్పటి వాసన అది. ఆ వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. ఎండిన మట్టీ రాళ్లూ పీల్చుకుని దాచుకున్న నూనెలాంటి పదార్థం నుంచి అది వస్తుందని చెప్పారు. ఆ పేరు పుట్టకముందు నుంచే మనవాళ్లు దాన్ని సీసాలో పెట్టి అమ్ముతున్నారన్న మాట. నడి మేలో రాసుకుని ఆఫీసుకు వెళితే పక్క సీటావిడ కిటికీలోంచి తొంగిచూసి, "ఎక్కడో వాన పడుతున్నట్టుంది కదండీ" అంది. నా ఒంటి మీద మాత్రం మూడు గంటలకు మించి నిలవలేదు.

మూడోది గులాబి. ఒక కిలో గులాబి నూనె రావాలంటే మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. ఇక అసలు సరుకు చవగ్గా ఎలా వస్తుంది? నేను కొన్నది మధ్యరకం. నా చేతి మీద గంటకల్లా పుల్లబడ్డట్టయింది. అదే సీసాలోంచి మా ఆఫీసు స్నేహితురాలికి రాస్తే సాయంత్రం వరకూ తేనెలా తియ్యగా ఉంది. ఒకరికి నప్పిన రంగు చీర ఇంకొకరికి నప్పనట్టే ఇదీను. సీసా ఆమెకే ఇచ్చేశాను.

మొగలి, షమామా

నాలుగోది మొగలి. బిర్యానీలో 'కేవ్డా' అని చల్లుతారే, అదే. దీనికి పేరుపడ్డ చోటు మన పొరుగునే ఉంది. ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం చుట్టుపక్కల. మన శ్రీకాకుళం దాటితే వచ్చే ఆ ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లూ ఎక్కువే. సముద్రపు గాలికి పెరిగే మొగలి పొదల్లో మగపూలనే బట్టీకి పంపుతారు. వాసన ఎంత గొప్పదో అంత మొండిది! నిండు చుక్క రాసుకున్న రోజు మధ్యాహ్నానికి తల దిమ్మెక్కింది. దాంతో వేరే ఉపాయం చేశాను. దూది ఉండకు పట్టించి, చిన్న మూత లేని డబ్బాలో పెట్టి, పట్టుచీరలకు తగలకుండా బీరువా మూలన ఉంచాను. జడలో మొగలిరేకులు పెట్టుకున్న రోజులు ఇప్పుడు తలుపు తీసినప్పుడల్లా గుర్తొస్తున్నాయి.

ఐదోది షమామా. ఇది పూల అత్తరు కాదు, మూలికలూ దినుసులూ కలిపి దించేది. ఒక్కో ఇంటికి ఒక్కో పాళ్లు, వాటిని బయటపెట్టరు. తుంగముస్తలు, జటామాంసి, రాతిపువ్వు, లవంగాలు, ఏలకులు లాంటివి వేస్తారు. రాసుకోగానే ఉలిక్కిపడ్డాను. మా అమ్మమ్మ సున్నిపిండి డబ్బా మూత తీసినట్టుంది! ఆవిడ పెసలతోపాటు కచ్చూరాలు, బావంచాలు, తుంగముస్తలు, వట్టివేళ్లు ఎండబెట్టి మర పట్టించేది. తలంటుకున్న మర్నాడు కూడా జుట్టులో ఆ వాసన ఉండేది. షమామా కూడా అంతే, మర్నాడు పైటకొంగులో పలకరిస్తుంది. చలికాలానికి, పట్టుచీరకు బాగా సరిపోతుంది.

మరి పరిమళం ఎవరిది?

సుగంధాలంటే మనవాళ్లకు ఎప్పటి నుంచో మక్కువ. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో సుగంధాల తయారీకే 'గంధయుక్తి' అని ఒక అధ్యాయం ఉంది. 14వ శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డికి 'కర్పూర వసంతరాయలు' అని బిరుదు. ఆయన వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే.

రాజుల సంగతి సరే. ఇళ్లలో? పెళ్లికూతురికి నలుగు, పేరంటానికి వచ్చిన ముత్తైదువకు గంధం, పన్నీరు, పూలు. మరి భర్త పోయిన ఆడదానికి? ఆమె వంతు వచ్చేసరికి గంధం గిన్నె పక్కకు జరుగుతుంది. ఎవరూ ఒక్క మాటా అనరు. జరిగిపోతుంది, అంతే.

ఆరో సీసా మల్లె. ఇది నా కోసం కొన్నదే. కానీ నాకు దక్కలేదు.

మా అమ్మకి మల్లెపూలంటే ప్రాణం. తెనాలిలో ఉన్నప్పుడు వేసవి సాయంత్రాలు మూర పూలు తలలో లేకుండా ఉండేది కాదు. నాన్న పోయాక మానేసింది. మానమని మేమెవరం చెప్పలేదు. "పెట్టుకో అమ్మా, రోజులు మారాయి" అంటే, "నలుగురూ చూస్తే బాగుండదే" అనేది. తొమ్మిదేళ్లుగా ఇదే మాట. పూలమ్మాయి గుమ్మంలోకొస్తే కోడళ్లకీ మనవరాళ్లకీ మూరలు కొలిపించేది. తన చేతికంటిన వాసన చూసుకుని ఊరుకునేది.

ఆ రోజు మల్లె అత్తరు రాసుకుంటుంటే అమ్మ పక్కన కూర్చుని కూర తరుగుతోంది. చెయ్యి పట్టుకుని మణికట్టు మీద ఒక్క చుక్క రాశాను.

"ఇదేమిటే, నాకెందుకు?" అంది చెయ్యి లాక్కుంటూ.

"కనిపించదు కదమ్మా."

"కనిపించనిది ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుంది."

అమ్మ మళ్లీ మాట్లాడలేదు. కత్తిపీట ముందు అలాగే కాసేపు కూర్చుంది. ఆ రాత్రి చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుంది. నాలుగు రోజుల తర్వాత, నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే, "ఆ బుల్లి సీసా ఎక్కడ పెట్టావే?" అని అడిగింది. ఎందుకని నేనడగలేదు, తీసిచ్చాను.

శ్రావణమాసంలో మా మేనత్త వచ్చింది. పాత పద్ధతుల మనిషి. అన్నం తింటూ అటూ ఇటూ చూసి, "మీ అపార్ట్‌మెంట్లో మల్లెలెక్కడివర్రా? ఘుమఘుమలాడుతున్నాయి" అంది. నా గుండె ఝల్లుమంది. అమ్మ మజ్జిగ వడ్డిస్తూ తల ఎత్తకుండానే, "పూలు కావు వదినా. నేనే అత్తరు రాసుకున్నాను" అంది. అత్తయ్య ఓ క్షణం అమ్మ మొహంలోకి చూసింది. భోజనాలయ్యాక ఇద్దరూ వరండాలో కూర్చున్నప్పుడు వినపడింది. "ఏదీ, నాకూ ఓ చుక్క రాయి చూద్దాం." మా మామయ్య పోయి అప్పటికి ఆరేళ్లు.

పూలు లోకానికి కనిపిస్తాయి. ఎవరు పెట్టుకోవచ్చో, ఎవరు కూడదో లోకమే చెబుతుంది. అత్తరు మాత్రం రాసుకున్న మనిషి సొంతం. చాటుగా మొదలైన ఆ ఒక్క చుక్క, వదినగారి ఎదుట ఆ మాట అనే ధైర్యం అమ్మకిచ్చిందనే నా నమ్మకం.

కొనబోయే ముందు...

* గంధం నూనెలో దించిన అత్తరు ఖరీదెక్కువ. శ్రీగంధం చెట్టు చేవదేరడానికి ఏళ్లు పడుతుంది. విచ్చలవిడిగా నరికేయడం వల్ల చెట్లూ తగ్గిపోయాయి. చవకవాటిలో పారఫిన్ లాంటి వేరే నూనెలు, కృత్రిమ వాసనలు ఉంటాయి. "ఇది ఏ నూనెలో చేసింది?" అని అడగండి. బాగా నచ్చితే చవకదైనా కొనుక్కోవచ్చు, కానీ గంధం అత్తరు ధర మాత్రం పెట్టకండి.

* ఒక్కసారే పది వాసనలు చూడొద్దు, ముక్కు మొద్దుబారుతుంది. రెండు మూడు చాలు. చేతి మీద రాసుకుని కనీసం గంట ఆగి నిర్ణయించుకోండి. మొదట చిన్న సీసానే తీసుకోండి.

* సహజమైనది కదా అని ధీమా పడకండి. సహజమైన నూనెలకు కూడా కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. మోచేతి మడత లోపల కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడండి. మంట పుడితే కడిగేసి మానేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, వాసనలు పడని గర్భిణులు జాగ్రత్త. పసిపిల్లలకు అసలు రాయొద్దు.

* నిమ్మజాతికి చెందిన బెర్గమాట్ నూనె రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడే ప్రమాదముంది.

* ముందు అత్తరు, తర్వాత ముత్యాలు. ముత్యాలకు నూనె, సెంటు తగిలితే మెరుపు తగ్గుతుంది. లేతరంగు చీరల మీద మరక పడుతుంది కాబట్టి ఒంటికే రాసుకోండి.

* సీసాకు ఎండ, వేడి తగలకూడదు. బీరువాలో చీకటి మూలే దానికి మంచి చోటు.

పండక్కి ఇంట్లో అందరికీ బట్టలు కొంటాం కదా. ఈసారి ఓ బుల్లి సీసా కూడా కొనండి. మీ ఇంట్లో పూలు మానేసిన అమ్మో, అత్తగారో, పిన్నో ఉంటే ముందు వాళ్లనే అడగండి, "నీకే వాసన ఇష్టం?" అని. ఆ ప్రశ్న వాళ్లను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో!